గంట లెక్క ఒకటి, శాతం లెక్క ఒకటి

మాస్టర్ హెల్త్ చెకప్‌కని వెళ్లినాయనకు ట్రెడ్‌మిల్ పరీక్షలో తేడా వచ్చిందంటారు. మర్నాడే యాంజియోగ్రాం. ఆయన ఇంకా టేబుల్ మీద ఉండగానే బయట కూర్చున్న కొడుకును లోపలికి పిలిచి, మానిటర్ మీద సన్నబడ్డ నాళాన్ని చూపించి, "ఎనభై శాతం బ్లాకు, ఇప్పుడే స్టంటు వేసేద్దామా?" అని అడుగుతారు. ఐదు నిమిషాల్లో సంతకం అయిపోతుంది.

అదే ఊళ్లో తెల్లవారుజామున మూడింటికి ఛాతీ బరువెక్కి, ఒళ్లంతా చెమటలు పట్టిన ఇంకొకాయనకు సోడా తాగిస్తారు. తగ్గకపోతే ఈనో కలిపిస్తారు. ఆర్‌ఎంపీని పిలిచి గ్యాస్ ఇంజెక్షన్ చేయిస్తారు. తొమ్మిదింటికి ఓపీ తెరిచాక ఈసీజీ.

మొదటాయనకు నెల రోజులు ఆలోచించుకునే వ్యవధి ఉంది. రెండో ఆయనకు ఉన్న ఆరు గంటలూ ఇంట్లోనే కరిగిపోయాయి. గుండె నాళాల వైద్యంలో మన దగ్గర పరికరాలకు లోటు లేదు, చేయి తిరిగిన డాక్టర్లకూ లోటు లేదు. తొందర మాత్రం తారుమారైంది. ఉరకాల్సిన చోట నిదానిస్తున్నాం, నిదానించాల్సిన చోట ఉరుకుతున్నాం. ఈ వ్యాసంలో నా వాదన ఇదే.

గుండె కండరానికి రక్తం తెచ్చే నాళాల్లో కొవ్వు పేరుకుంటే రెండు రకాల జబ్బులు రావచ్చు. మొదటి దానిలో ఆ పూత ఏళ్ల తరబడి మెల్లగా మందమై దారి ఇరుకవుతుంది. మెట్లెక్కితే ఛాతీ పట్టేస్తుంది, ఆగితే రెండు మూడు నిమిషాల్లో వదిలేస్తుంది. ఇది యాంజైనా. రెండో దానిలో పూత పైపొర చిట్లుతుంది. లోపలి కొవ్వు రక్తానికి తగలగానే ప్లేట్‌లెట్లు గుమిగూడి, రక్తం గడ్డకట్టి నిమిషాల్లో నాళం మూసుకుపోతుంది. ఇది హార్ట్ ఎటాక్. చిట్లేది అన్నిటికన్నా పెద్ద బ్లాకే అనుకోవడం పొరపాటు. నలభై, యాభై శాతం ఉండి, నిన్నటిదాకా ఏ నొప్పీ తెలియనివ్వనివే చాలాసార్లు చిట్లుతాయి. నిరుడు ట్రెడ్‌మిల్ బాగుందన్న మనిషికి ఈ ఏడు ఎటాక్ రావడం అందుకే. ఎనభై శాతం బ్లాకుకు స్టంటు (నాళాన్ని తెరిచి ఉంచే లోహపు జాలి గొట్టం) వేయించుకున్నంత మాత్రాన పక్క నాళంలోని నలభై శాతం పూత ఊరుకోకపోవడమూ అందుకే.

ముందు గంట లెక్క

నాళం పూర్తిగా మూసుకున్నాక ఇరవై, ముప్ఫై నిమిషాలకు కండరం చావడం మొదలవుతుంది. గుండె లోపలి పొర ముందు పోతుంది, అక్కడి నుంచి నష్టం బయటి పొర వైపు పాకుతుంది. ఆరు గంటలయ్యేసరికి దక్కాల్సినదాంట్లో చాలా భాగం పోయి ఉంటుంది. పన్నెండు గంటల దాకా నాళం తెరవడంలో ప్రయోజనం ఉంటుంది గానీ, మొదటి గంటలో దక్కేదీ పదో గంటలో దక్కేదీ ఒకటి కావు. చచ్చిన కండరం మళ్లీ మొలవదు, మచ్చ కడుతుంది. ఎకో రిపోర్టులో అరవై ఉండాల్సిన ఈఎఫ్ (ఒక్కో దెబ్బకు గుండె బయటికి నెట్టే రక్తం శాతం) ముప్ఫైకి దిగుతుంది. ఆ తర్వాత బతుకంతా ఆయాసం, కాళ్ల వాపులు, మాత్రలు.

ఛాతీ నొప్పితో వచ్చినవారికి పది నిమిషాల్లో ఈసీజీ తీయాలన్నది ప్రపంచమంతటా ఉన్న నియమం. మొదటి ఈసీజీ నార్మల్ అయితే ఇంటికి పంపేయడం పెద్ద ప్రమాదం. నొప్పి ఉన్నంతసేపూ పావుగంటకో అరగంటకో మళ్లీ తీయాలి. గుండె వెనక గోడకు వచ్చే ఎటాక్ మామూలు పన్నెండు లీడ్లలో సరిగ్గా కనిపించదు, వీపు మీద వీ7, వీ8, వీ9 లీడ్లు పెట్టి చూడాలి. గుండె కండరం దెబ్బతింటే బయటపడే ట్రోపోనిన్ అనే ప్రోటీన్ రక్తంలో పెరగడానికి గంటలు పడుతుంది కాబట్టి, నొప్పి మొదలైన అరగంటకే చేసి "నెగటివ్" అంటే ధైర్యపడటానికి లేదు. షుగర్ ఉన్నవారికి, ముసలివారికి, ఆడవాళ్లకు నొప్పి లేకుండా ఒట్టి చెమట, ఆయాసం, వాంతితోనే రావచ్చు. "గ్యాస్" అనే మాట మన ఇళ్లలో ఎంతమందిని పొట్టన పెట్టుకుందో లెక్క కట్టినవారు లేరు.

ఇంట్లో చేయగలిగింది కొంచెమే. ఆస్పిరిన్ 300 మిల్లీగ్రాములు నమిలి మింగాలి. ఇంట్లో ఉండే ఎకోస్ప్రిన్ 75 అయితే నాలుగు మాత్రలు. ఆ మాత్ర మీద పేగుల్లోకి వెళ్లాకే కరిగే పూత ఉంటుంది కాబట్టి నమలకుండా మింగితే పని ఆలస్యమవుతుంది. ఆస్పిరిన్ పడనివారు, రక్తస్రావం ఉన్నవారు మాత్రం దీని జోలికి పోకూడదు. నాలుక కింద సార్బిట్రేట్ (నాళాలను వెడల్పు చేసే నైట్రేట్ మాత్ర) పెట్టడం మనవాళ్లకు ఆచారంలా అయిపోయింది. బీపీ తక్కువున్నా, కుడివైపు గుండెకు దెబ్బ తగిలినా, అంతకు ముందు రోజు వయాగ్రా లాంటి మాత్ర వేసుకుని ఉన్నా, ఆ చిన్న మాత్రే మనిషిని కుప్పకూలుస్తుంది. బీపీ చూడకుండా పెట్టకపోవడమే మేలు. రోగి తానే బండి నడుపుకుంటూ వెళ్లడం, దగ్గరగా ఉందని ఈసీజీ మిషను కూడా లేని క్లినిక్కుకు తీసుకెళ్లడం, రెండూ తప్పే. 108కి ఫోన్ చేయాలి.

ఈసీజీలో ఎస్‌టీ భాగం పైకి లేచి ఉంటే దారులు రెండు. ఆ క్షణం నుంచి రెండు గంటల లోపు క్యాథ్‌ల్యాబ్‌లో (యాంజియోగ్రాం చేసే గదిలో) నాళంలోకి వైరు దాటించగలిగితే నేరుగా యాంజియోప్లాస్టీ, అంటే బెలూన్‌తో, స్టంటుతో నాళం తెరవడం. అలా కుదరదంటే గడ్డ కరిగించే ఇంజెక్షన్ వెంటనే, ఉన్న చోటే. పాడేరులో ఎటాక్ వచ్చిన మనిషి ఘాట్ రోడ్డు దిగి విశాఖ చేరి, కాగితాలు పూర్తయి, టేబుల్ ఎక్కేసరికి రెండు గంటలు దాటక మానదు. అక్కడ ఇంజెక్షన్ ఇవ్వకుండా "పెద్దాసుపత్రికి తీసుకెళ్లండి" అని చీటీ రాయడం వైద్యం అనిపించుకోదు.

ఆ ఇంజెక్షన్లలో టెనెక్టిప్లేజ్ వాడటం తేలిక. బరువును బట్టి ఒకే మోతాదు: 60 కిలోల లోపు 30 మిల్లీగ్రాములు, ఆపైన ప్రతి పది కిలోలకు ఐదు పెంచుతూ 90 దాటితే 50. పది సెకన్లలో నరంలోకి ఇచ్చేయొచ్చు. 75 ఏళ్లు దాటినవారికి సగం చాలు. స్ట్రెప్టోకైనేజ్ చవక, కానీ 15 లక్షల యూనిట్లు అరగంట నుంచి గంట సేపు ఎక్కించాలి. బీపీ పడిపోతుంది, ఎలర్జీలు వస్తాయి, ఒకసారి వాడినవారికి మళ్లీ ఇవ్వకూడదు. ఏది ఇచ్చినా నూటికి ఒకరికి అటూ ఇటూగా మెదడులో రక్తస్రావం అయ్యే ప్రమాదం ఉంది. ఎప్పుడైనా మెదడులో రక్తస్రావం అయినవారికి, ఈమధ్యే పక్షవాతం వచ్చినవారికి, బీపీ 180/110 కన్నా కిందికి దిగనివారికి ఇవ్వరు.

ఇంజెక్షన్ ఇచ్చాక అసలు తప్పు జరిగేది తర్వాతి గంటల్లో. గంట నుంచి గంటన్నర మధ్య ఈసీజీ మళ్లీ తీసి, లేచిన ఎస్‌టీ సగానికి పైగా దిగిందో లేదో చూడాలి. దిగకపోతే గడ్డ కరగలేదన్నమాట, వెంటనే క్యాథ్‌ల్యాబ్ ఉన్న చోటికి పంపాలి. దిగితే 2 నుంచి 24 గంటల లోపు యాంజియోగ్రాం చేయాలి. ఇది తెలియక, లేదా బెడ్డు ఖాళీ చేయడం ఇష్టం లేక, ఐదు రోజులు ఐసీయూలో ఉంచి ఇంటికి పంపే చిన్న నర్సింగ్ హోములు ఉన్నాయి.

దీనికి తలకిందులైన తప్పు ఇంకొకటుంది. ఎటాక్ వచ్చి నాలుగు రోజులై, నొప్పి పోయి, నిలకడగా ఉన్న మనిషికి యాంజియోలో నాళం నూటికి నూరు మూసుకుపోయి కనిపిస్తుంది. "తెరిచేద్దాం" అంటారు. ఓఏటీ అనే ట్రయల్ 2006లోనే 2,166 మందిలో ఇది తేల్చింది. 3 నుంచి 28 రోజుల మధ్య అలాంటి నాళం తెరిచినందువల్ల చావులూ తగ్గలేదు, మళ్లీ ఎటాక్‌లూ తగ్గలేదు. గంట లెక్క ముగిశాక ఇక మిగిలేది శాతం లెక్కే.

టేబుల్ మీద ఏం జరుగుతుంది

ఎక్కువమందికి ఇప్పుడు కుడి మణికట్టు నుంచే చేస్తున్నారు. తొడ నుంచి చేస్తే రక్తస్రావం ఎక్కువ, ఒక్కోసారి అది కడుపు వెనక్కి పోయి బీపీ పడిపోయేదాకా బయటపడదు. మణికట్టు దగ్గర తిమ్మిరి ఇంజెక్షన్ ఇచ్చి, ఆరు ఫ్రెంచ్ షీత్ (పరికరాలు లోపలికి పంపే సన్న గొట్టం) వేస్తారు. ఫ్రెంచ్ అంటే మిల్లీమీటరులో మూడో వంతు. చేతి నాళం బిగుసుకోకుండా నైట్రోగ్లిజరిన్ లేదా వెరపమిల్, గడ్డ కట్టకుండా కిలో బరువుకు 70 నుంచి 100 యూనిట్ల హెపారిన్ ఇస్తారు. ఏసీటీ అనే పరీక్షలో రక్తం గడ్డకట్టే సమయం 250 సెకన్లు దాటిందని చూసుకుని ముందుకెళ్లాలి. ఈ పరీక్ష చేయకుండా అలవాటు మోతాదుతో కానిచ్చేసే ల్యాబుల్లో వైరు మీదే గడ్డలు కట్టడం చూస్తాం.

గైడ్ క్యాథెటర్ అనే పొడవాటి గొట్టాన్ని గుండె నాళం మూతి దగ్గర ఆనించి, అంగుళంలో వెయ్యికి 14 వంతుల మందమున్న వైరును బ్లాకు దాటిస్తారు. దాని మీదుగా రెండు, రెండున్నర మిల్లీమీటర్ల బెలూన్ పంపి ఉబ్బిస్తారు. తర్వాత స్టంటు. ఇప్పటివి ఎక్కువగా కోబాల్ట్ క్రోమియం. తీగ మందం 60 నుంచి 80 మైక్రాన్లు, పైన సిరోలిమస్ జాతి మందు పూత. నాళం సైజును బట్టి 2.25 నుంచి 4 మిల్లీమీటర్ల వ్యాసం, 8 నుంచి 48 మిల్లీమీటర్ల పొడవు. ఆఖర్న సాగని గట్టి బెలూన్‌తో 16 నుంచి 20 అట్మాస్ఫియర్ల ఒత్తిడి పెట్టి స్టంటును గోడకు అదుముతారు.

ఈ చివరి మెట్టును దాటవేయడమే చాలా అనర్థాలకు మూలం. లెక్క చూడండి. మూడు మిల్లీమీటర్ల స్టంటు పూర్తిగా విచ్చుకుంటే లోపలి వైశాల్యం ఏడు చదరపు మిల్లీమీటర్లు. రెండున్నర దగ్గరే ఆగిపోతే ఐదుకు కాస్త తక్కువ, అంటే ముప్ఫై శాతం పోయినట్టే. మామూలు యాంజియో బొమ్మలో ఈ తేడా కంటికి ఆనదు. సరిగ్గా విచ్చుకోని స్టంటులోనే గడ్డ కడుతుంది, అదే మళ్లీ మూసుకుపోతుంది. అందుకే నాళం లోపలికి పంపి చూసే ఐవీయూఎస్, ఓసీటీ లాంటి పరికరాలు వాడతారు. ఎడమ ప్రధాన నాళం మీద, పొడవాటి బ్లాకుల మీద, రెండుగా చీలే చోట వీటిలో ఏదో ఒకటి లేకుండా స్టంటు వేయడం నా దృష్టిలో కళ్లకు గంతలు కట్టుకుని తాపీ పని చేయడం లాంటిది. సున్నం పట్టి రాయిలా అయిన నాళమైతే ముందుగా నిమిషానికి లక్షన్నర చుట్లు తిరిగే రోటా బర్ అనే చిన్న డ్రిల్లుతో అరగదీయాలి, లేదంటే షాక్‌వేవ్ బెలూన్‌తో సున్నాన్ని పగలగొట్టాలి. ఆ పని చేయకుండా స్టంటు వేసేస్తే తర్వాత ఎంత ఒత్తిడి పెట్టినా అది విచ్చుకోదు.

ఎటాక్ కేసుల్లో పెద్ద నాళం తెరుచుకున్నా కింది సన్న నాళాల్లో ప్రవాహం రాకపోవచ్చు. దీన్ని నో రీఫ్లో అంటారు. గడ్డ ముక్కలు కిందికి కొట్టుకుపోవడం, ఆలస్యం వల్ల సన్న నాళాలు ఉబ్బిపోవడం కారణాలు. స్టంటు చక్కగా ఉందని చూపించే ఫొటో ఇక్కడ పనికిరాదు. అరుదుగా వైరో బెలూనో నాళాన్ని చీలుస్తుంది. గుండె చుట్టూ రక్తం చేరితే సూదితో లాగి, తొడుగున్న స్టంటుతో రంధ్రం మూయాలి. కిడ్నీలు బలహీనంగా ఉన్నవారికి రంగు మందు ఎంత వాడారన్నది కూడా ముఖ్యం.

ఇక శాతం

ఎనభై శాతం అంటే నాళం వ్యాసంలో (డయామీటర్‌లో) తగ్గినది, అదీ కంటితో వేసిన అంచనా. ఒకే బొమ్మను ఇద్దరు డాక్టర్లు చూస్తే ఒకరు అరవై అనొచ్చు, ఒకరు ఎనభై అనొచ్చు. పైగా యాభై శాతం వ్యాసం తగ్గితే వైశాల్యం డెబ్బై ఐదు శాతం తగ్గుతుంది. ఏ లెక్క చెబుతున్నారో రోగికి తెలియదు. ఆ బ్లాకు ప్రవాహాన్ని నిజంగా అడ్డుకుంటోందా అన్నది ప్రెజర్ వైరుతో కొలవొచ్చు. బ్లాకుకు అవతలి ఒత్తిడిని ఇవతలి ఒత్తిడితో భాగిస్తే వచ్చేది ఎఫ్‌ఎఫ్‌ఆర్. 0.80 దాటితే ఆ బ్లాకును వదిలేయొచ్చు. 2009లో వచ్చిన ఫేమ్ ట్రయల్‌లో ఇలా కొలిచి వేసినవారికి, కంటి అంచనాతో వేసినవారికన్నా తక్కువ స్టంట్లు పడ్డాయి, ఫలితాలూ మెరుగ్గా వచ్చాయి. వైరు ఖర్చుకు వెనకాడి, అనవసరమైన స్టంటు ఖర్చుకు వెనకాడకపోవడం విడ్డూరం.

నిలకడ యాంజైనాలో స్టంటు ఆయుష్షు పెంచుతుందా? 2007లో కరేజ్ ట్రయల్ 2,287 మందిలో చూసి, మంచి మందులిచ్చినవారితో పోలిస్తే చావుల్లోగానీ ఎటాక్‌ల్లోగానీ తేడా లేదంది. ఆ రోజుల నాటి స్టంట్లని కొట్టిపారేశారు. 2020లో ఇస్కీమియా ట్రయల్ 5,179 మందితో వచ్చింది. మన దేశంలోని ఆసుపత్రులూ పాల్గొన్నాయి. ఫలితం మారలేదు. అయితే ఎడమ ప్రధాన నాళంలో బ్లాకు ఉన్నవారినీ, ఈఎఫ్ 35 కన్నా తక్కువున్నవారినీ, ఈమధ్యే ఎటాక్ వచ్చినవారినీ అందులో చేర్చుకోలేదు. ఆ ఫలితాన్ని వీళ్లకు అంటగట్టకూడదు.

స్టంటు పనికిరాదని ఎవరైనా అంటే అదీ తప్పే. నొప్పికి పనిచేస్తుంది. లండన్‌లో ఆర్బిటా బృందం 2017లో 200 మందిని తీసుకుని, అందరికీ మందులు బాగా పెంచి, సగం మందికి స్టంటు వేసి, సగం మందికి వేసినట్టు నటించింది. ట్రెడ్‌మిల్ మీద నడిచే సమయంలో లెక్కకొచ్చే తేడా రాలేదు. అదే బృందం 2023లో, యాంజైనా మందులు ఆపేసిన 301 మందిలో మళ్లీ చూసింది. ఈసారి స్టంటు నొప్పిని స్పష్టంగా తగ్గించింది. అయినా నొప్పి పూర్తిగా పోయినవారు సగానికి తక్కువే. అంటే మెట్లెక్కలేక అవస్థ పడుతూ, మందులు పడకపోతేనో, పడినా చాలకపోతేనో స్టంటు న్యాయమైన కోరిక. ఏ నొప్పీ లేని మనిషికి "రేపే ఎటాక్ వస్తుంది" అని భయపెట్టి వేస్తే మాత్రం ఆ భయానికి ఆధారం లేదు.

మందులు "వాడి చూశాం" అనేవారి చీటీ చూస్తే చాలాసార్లు సరిగ్గా వాడి ఉండరు. నాడి 55, 60 మధ్యకు వచ్చేలా మెటోప్రొలాల్ లేదా బిసోప్రొలాల్, తోడుగా ఆమ్లోడిపిన్, ఆపైన సార్బిట్రేట్ జాతి నైట్రేట్. నైట్రేట్ రోజంతా ఒంట్లో ఉంటే పనిచేయడం మానేస్తుంది కాబట్టి పొద్దున, మధ్యాహ్నం వేసుకుని రాత్రి ఖాళీ వదలాలి. పొద్దునా రాత్రీ అని రాసే చీటీలు కోకొల్లలు. ఎటాక్‌ను ఆపే పని అసలు కొలెస్ట్రాల్ తగ్గించే స్టాటిన్‌ది: అటోర్వాస్టాటిన్ 40 నుంచి 80, లేదా రోసువాస్టాటిన్ 20 నుంచి 40. ఎల్‌డీఎల్ (చెడు కొలెస్ట్రాల్) 55కి దిగాలి. పది మిల్లీగ్రాములు వేసి "కొలెస్ట్రాల్ నార్మల్" అనుకోవడం మనల్ని మనం మోసం చేసుకోవడం.

డబ్బు సంగతీ ఒక మాట. ఖరీదు తగ్గించాలనే 1990లలో హైదరాబాద్‌లో అబ్దుల్ కలాం, గుండె వైద్యుడు డాక్టర్ సోమరాజు కలిసి దేశీ స్టంటు తెచ్చారు. 2017 ఫిబ్రవరిలో మందుల ధరలు నియంత్రించే కేంద్ర సంస్థ ఎన్‌పీపీఏ మందు స్టంటు ధరను 29,600 రూపాయలకు, మందు లేనిదాన్ని 7,260కి కట్టడి చేసింది. అంతకు ముందు మందు స్టంటుకు లక్ష దాటి వసూలు చేసేవారు. ఆ పరిమితి స్టంటుకే. బెలూన్లు, వైర్లు, క్యాథెటర్లు అందులోకి రావు, బిల్లులో చూడాల్సినవి అవి. 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ పేదవాడికి క్యాథ్‌ల్యాబ్ తలుపు తెరిచింది, అది చిన్న మేలు కాదు. కానీ టేబుల్ మీది పనికి ప్యాకేజీ ఉన్నట్టు, అరగంట కూర్చుని మందులు సరిచేసిన డాక్టరుకు ప్యాకేజీ కనబడదు.

బైపాస్ అంటే భయం

షుగర్ ఉండి, రెండు మూడు నాళాల్లో బ్లాకులుంటే స్టంట్ల కన్నా బైపాస్ మేలని 2012లో ఫ్రీడమ్ ట్రయల్ 1,900 మందిలో చూపింది. ఐదేళ్లలో చనిపోయినవారు స్టంట్ల వైపు 16.3 శాతం, బైపాస్ వైపు 10.9. పక్షవాతం మాత్రం బైపాస్‌లోనే ఎక్కువ. మన దగ్గర గుండె రోగుల్లో షుగర్ ఉన్నవారు చాలామంది కాబట్టి ఇది మనకు బాగా పట్టే మాట. కారణం పైన చెప్పిందే. స్టంటు ఒక బ్లాకును సరిచేస్తుంది, బైపాస్ అయితే ఆ నాళంలో రేపు రాబోయే బ్లాకులను కూడా దాటి కింద అతుకుతుంది.

అతికేది దేన్నన్నది ముఖ్యం. ఛాతీ లోపలి ధమనిని ఎల్‌ఏడీకి (గుండె ముందు గోడకు రక్తం తెచ్చే ముఖ్య నాళానికి) అతికితే పదేళ్ల తర్వాత కూడా పదింట తొమ్మిది తెరిచే ఉంటాయి. కాలి సిర అయితే పదేళ్లకు దాదాపు సగం మూసుకుపోతాయి. కాబట్టి ఎన్ని బైపాస్‌లు చేశారన్నదాని కన్నా ఎల్‌ఏడీకి ఏది అతికారన్నది అడగాలి. రొమ్ము ఎముక అతుక్కోవడానికి ఆరు నుంచి ఎనిమిది వారాలు. అప్పటిదాకా బరువులెత్తకూడదు, బండి నడపకూడదు.

"కోత ఎందుకు, ఐదు స్టంట్లు వేసేద్దాం" అనేవారిని సింటాక్స్ స్కోరు (బ్లాకులు ఎన్ని, ఎంత చిక్కైనవో యాంజియో చూసి వేసే మార్కు) ఎంతని అడగండి. 22 దాకా ఉంటే స్టంట్లతో నెట్టుకురావచ్చు, 33 నుంచి బైపాస్ వైపే మొగ్గాలి. ఆ స్కోరు వేయకుండా ఇచ్చే సలహాను వేరే ఊళ్లో సర్జన్‌కు చూపించుకోవడంలో తప్పులేదు. ఎటాక్ కాకపోతే, నొప్పి రోజురోజుకూ ముదరకపోతే, ఎడమ ప్రధాన నాళం బాగుంటే, టేబుల్ దిగి ఇంటికెళ్లి ఆలోచించుకోవచ్చు.

స్టంటు వేశాక రెండు రక్తం పలచబరిచే మాత్రలు, ఆస్పిరిన్‌తో పాటు టికాగ్రెలార్, ప్రసుగ్రెల్ లాంటిది ఇంకొకటి, కలిసి వాడాలి. ఎటాక్ అయితే మామూలుగా ఏడాది, నిలకడ యాంజైనా అయితే ఆరు నెలలు. ఆ తర్వాత ఆస్పిరిన్ 75 లాంటిది ఒకటి జీవితాంతం. టికాగ్రెలార్ రోజుకు రెండుసార్లు వేసుకోవాలి, ఒక పూట మానినా నష్టమే. అది కొందరికి ఆయాసం తెస్తుంది. గుండె మళ్లీ దెబ్బతిందని బెదిరిపోయి మానేయకుండా మాత్ర మార్పించుకోవాలి. పక్షవాతం వచ్చినవారికి ప్రసుగ్రెల్ వద్దు. మొదటి నెలల్లో పన్ను పీకించుకోవడానికో, కంటి ఆపరేషన్‌కో రెండు మాత్రలూ ఆపేసిన వారంలోనే స్టంటులో గడ్డ కట్టి వచ్చే ఎటాక్‌లు ఉన్నాయి. పన్ను డాక్టరు ఆపమంటే గుండె డాక్టరుకు ఫోన్ చేయకుండా ఆపకూడదు. చాలా పన్నులు మాత్రలు ఆపకుండానే పీకొచ్చు.

డిశ్చార్జి రోజు అడిగి తీసుకోవాల్సినవి యాంజియోగ్రాం సీడీ, స్టంటు కార్డు. ఏ నాళంలో, ఏ కంపెనీది, ఎంత వ్యాసం, ఎంత పొడవు, ఏ తేదీన వేశారన్నది ఆ కార్డు మీద ఉంటుంది. పెట్టె మీది స్టిక్కర్ కేసు షీట్‌లో అతికించారో లేదో కూడా చూసుకోండి. కార్డును ఫోన్‌లో ఫొటో తీసి ఇంట్లో ఇద్దరి దగ్గర ఉంచండి. సీడీలు కొన్నాళ్లకు గీతలు పడి తెరుచుకోకపోవచ్చు, ఆ ఫైళ్లను అప్పుడే పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించుకోవాలి.